కొండ మీది పండు నుంచి ఇంటి ఫిల్టరు దాకా: కాఫీ పనిముట్ల చరిత్ర

మన నారాయణఖేడ్, సిర్గాపూర్ వైపు తండాల్లో ఇంటికి చుట్టం వస్తే పొయ్యి మీద పెట్టేది చాయ్. చెరుకు కొట్టడానికి పోయిన చోట తెల్లవారుజామున చలిలో తాగేదీ చాయే. కాఫీ మనకు కొత్త. అది కూడా కిరాణా దుకాణంలో వేలాడే చిన్న ప్యాకెట్ రూపంలోనే మనకు పరిచయం. మరి మన సంఘం సంచికలో కాఫీ గురించి ఎందుకు అని తమ్ముళ్లు, చెల్లెళ్లు అడగవచ్చు.

కారణం ఉంది. తెలుగు నేల మీద పండి ప్రపంచంలో పేరు తెచ్చుకున్న కాఫీ అరకు కాఫీ. దాన్ని పండించేది గిరిజనులు. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, ఖోండు కుటుంబాల వాళ్లు చిన్న చిన్న తోటల్లో, పెద్ద చెట్ల నీడలో ఆ మొక్కను పెంచుతున్నారు. మనం మైదానంలో ఉన్న లంబాడీలం, వాళ్లు తూర్పు కనుమల కొండల్లో ఉన్నవాళ్లు. భాష వేరు, బతుకుతెరువు వేరు. కానీ వాళ్ల కాఫీ కథలో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది.

ఆ పాఠాన్ని ముందే చెప్పేస్తాం. కాఫీ చరిత్ర చాలా వరకు పనిముట్ల చరిత్ర. చెట్టు మీది పండుకూ గ్లాసులోని కాఫీకీ మధ్య చాలా మెట్లున్నాయి. ప్రతి మెట్టు దగ్గర ఒక పనిముట్టు ఉంది. ఆ పనిముట్టు ఎవరి చేతిలో ఉంటే ఆ మెట్టు దగ్గర రుచి వాళ్లు నిర్ణయిస్తారు, లాభం కూడా వాళ్లే తీసుకుంటారు.

గింజ ఎక్కడిది?

కాఫీ పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. అక్కడ ఈరోజుకీ చుట్టం వస్తే ఇంటి ఆడవాళ్లు పచ్చి గింజలను పెనం మీద వేయించి, రోట్లో దంచి, జెబెనా అనే మెడ పొడవైన మట్టికుండలో కాచి పోస్తారు. ఒకే పొడితో మూడు విడతలు పోస్తారు. మూడో విడత పేరుకు అర్థం దీవెన. పెనం, రోలు, కుండ ఈ మూడే వాళ్ల పరికరాలు. మూడూ మన ఇళ్లలోనూ ఉన్నవే.

అక్కడి నుంచి కాఫీ ఎర్రసముద్రం దాటి యెమెన్ చేరింది. 15వ శతాబ్దంలో సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా దీన్ని తాగేవారు. మోకా అనే రేవు నుంచి గింజలు దేశదేశాలకు పోయేవి. 17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే సూఫీ ఫకీరు హజ్ నుంచి వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. ఆ కొండలను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు ఆ కొండల్లో, కొడగులో పెద్ద పెద్ద ఎస్టేట్లు వేశారు. గింజ ఓడలెక్కి పోయేది. కూలి మాత్రం ఇక్కడివాళ్లది.

గూడెం, చింతపల్లి, అరకు

తూర్పు కనుమల్లో కాఫీ 1898లో అడుగుపెట్టింది. తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో ఒక బ్రిటిష్ అధికారి దాన్ని వేయించాడు. తర్వాత గూడెం వైపు పాకింది. 1920ల నాటికి అనంతగిరి, చింతపల్లి, అరకు ప్రాంతాలకు చేరింది.

ఈ పేర్లు మీరు చరిత్ర పుస్తకంలో చదివే ఉంటారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ముట్టడించింది ఆ చింతపల్లి పోలీస్ స్టేషన్‌నే. ఆ తిరుగుబాటుకు కాఫీ కారణం కాదు. అటవీ చట్టాలు, పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ కారణం. అయితే ఒక విషయం గమనించండి. ఏ కొండల మీద గిరిజనుడికి తన పోడు తాను చేసుకునే హక్కు లేకుండా చేశారో, అవే కొండల మీద బయటివాళ్లు తెచ్చిన పంట వేరూనింది. ఆ పంట గిరిజనుడి సొంతం కావడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1960లలో అటవీ శాఖ తన అడవుల్లో కాఫీ తోటలు వేసింది. 1985లో ఆ తోటలు అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. ఆ తోటల్లో గిరిజనులు కూలీలు. తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు, గిరిజన సహకార సంస్థల పథకాల ద్వారా గిరిజన కుటుంబాలకే సొంతంగా చిన్న తోటలు వచ్చాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల పాదులు అల్లించారు. పోడు కొట్టి రెండు మూడేళ్లకు ఆ చోటు వదిలేసే కుటుంబం ఒకే చోట నిలకడగా పంట తీయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత సంగతి మీకు కొంత తెలుసు. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గిరిజన రైతులు సహకార సంఘం కట్టుకున్నారు. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ ప్రాంతంలో పండని గింజను ఆ పేరుతో అమ్మకూడదు. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు.

చేతితో తిప్పే ఒక యంత్రం

అరకు గింజకు ఇంత పేరు రావడానికి నేల, ఎత్తు, నీడ కారణాలే. వాటితోపాటు ఒక చిన్న యంత్రం కూడా ఉంది. దాని పేరు పల్పర్.

కాఫీ పండు ఎర్రగా రేగుపండంత ఉంటుంది. లోపల రెండు గింజలు, వాటి చుట్టూ జిగురు. వెనకట పండును తెంపి అలాగే నేల మీద ఎండబోసేవారు. మట్టి వాసన పట్టేది, కొన్ని బూజు పట్టేవి. అలా ఎండిన సరుకును సంతలో వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చి రావలసిందే.

పల్పర్ వస్తే పద్ధతి మారింది. ఎర్రగా పండినవే ఏరి, తెంపిన రోజే యంత్రంలో పోసి చేతితో తిప్పితే తోలు ఊడుతుంది. గింజలను తొట్టిలో ఒకరోజో, ఇంకాస్త ఎక్కువో ఊరబెడితే జిగురు వదులుతుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి, నేలకు తగలకుండా మంచెల మీదో శుభ్రమైన సిమెంటు కల్లంలోనో ఎండబెడతారు. చెట్టు అదే, పండు అదే. యంత్రం, దాన్ని వాడే క్రమశిక్షణ రైతు చేతికి వచ్చాయి. అప్పుడు రుచి పెరిగింది, ధర అడిగే ధైర్యమూ వచ్చింది.

ఒక లెక్క చూడండి. ఐదారు కిలోల పండ్లకు ఒక కిలో పచ్చి గింజ వస్తుంది. వేయిస్తే అందులో 15 నుంచి 20 శాతం బరువు తగ్గుతుంది. ఇంట్లో ఒకసారి ఫిల్టరు వేయడానికి 20 గ్రాముల పొడి కావాలంటే దాదాపు డెబ్బై, ఎనభై పండ్లు కావాలి. ఒక్కో పండునూ కొండవాలున నిలబడి ఒక చేయి తెంపింది. ఆ పొడిని మనం పాడుచేసి తాగితే ఆ చేతి కష్టమూ పాడైనట్టే. ఇంట్లో కాఫీ బాగా చేసుకోవడం నేర్చుకోమనడానికి మా మొదటి కారణం ఇదే.

కాచడం నుంచి వడకట్టడం దాకా

మొదట్లో అందరూ కాఫీ పొడిని నీళ్లలో వేసి మరిగించేవారు. అలా మరిగిస్తే చేదు ఎక్కువ, గ్లాసు అడుగున మడ్డి. ఈ రెండు ఇబ్బందులు తప్పించడానికే తర్వాతి పనిముట్లన్నీ పుట్టాయి.

1800 ప్రాంతంలో పారిస్‌లో రెండు అరల పాత్ర వాడుకలోకి వచ్చింది. పై అరలో పొడి, దాని మీద వేడినీళ్లు పోస్తే చిల్లుల గుండా కింది అరలోకి బొట్లు బొట్లుగా దిగుతుంది. దక్షిణ భారతం ఇత్తడి ఫిల్టరు, నేటి స్టీలు ఫిల్టరు పనిచేసేదీ అదే సూత్రం మీద.

1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్స్ అనే గృహిణి ఒక ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని సిరా అద్దే కాగితాన్ని అందులో పరిచి కాఫీ వడకట్టింది. మడ్డి లేని కాఫీ వచ్చింది. దానికి హక్కులు తీసుకుని ఇంట్లోనే కంపెనీ పెట్టింది. ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. మన చెల్లెళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి. ఆవిడ చేతిలో ఉన్నవి ఒక గిన్నె, ఒక మేకు, ఒక కాగితం.

1933లో ఇటలీలో పొయ్యి మీద పెట్టే అల్యూమినియం మోకా పాత్ర వచ్చింది. అందులో ఆవిరి ఒత్తిడితో నీళ్లు కింది నుంచి పైకి పొడి గుండా వెళ్తాయి. నేడు హైదరాబాద్ కేఫ్‌లలో కనిపించే పెద్ద ఎస్ప్రెస్సో యంత్రం కూడా ఒత్తిడి మీదే పనిచేస్తుంది. కాకపోతే అందులో ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ.

గ్లాసు కూడా పనిముట్టే

మన దగ్గర కాఫీ చరిత్రలో ఇంకో పరికరం గురించి చెప్పకుండా ఉండలేం. అది గ్లాసు. 20వ శతాబ్దం మొదటి సగంలో దక్షిణాది పట్టణాల్లో కాఫీ హోటళ్లు పెరిగాయి. చాలా హోటళ్ల బోర్డుల మీద కులం పేరు ఉండేది. లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా కులమే చెప్పేది. పల్లెల్లో చాయ్ హోటళ్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం సాగిందో మన పెద్దలను అడగండి. ఎవరి గ్లాసు వాళ్లు కడిగి పక్కన పెట్టి రావాలి. అందుకే ఎవరైనా మనకు అందరితో సమానంగా గ్లాసు అందిస్తే అది చిన్న విషయం కాదు. మనం ఒకరికి అందించేటప్పుడూ అది గుర్తుండాలి.

ఇదే కాలంలో ఇంకో మంచి కథ కూడా ఉంది. కాఫీ బోర్డు నడిపే కాఫీ హౌస్‌లను 1950లలో మూసేయడం మొదలుపెట్టారు. పనిపోయిన కార్మికులు ఎ.కె. గోపాలన్ నాయకత్వంలో 1957 నుంచి సహకార సంఘాలు పెట్టుకుని, ఆ కాఫీ హౌస్‌లను తామే నడపడం మొదలుపెట్టారు. నిన్నటిదాకా ట్రే మోసినవాళ్లు యజమానులయ్యారు. ఇండియన్ కాఫీ హౌస్ పేరుతో అవి దేశంలో చాలా చోట్ల ఈరోజుకీ ఉన్నాయి.

ఇంట్లో మంచి కాఫీ ఎలా?

ఇప్పుడు పనిలోకి దిగుదాం. పెద్ద ఖర్చు అక్కరలేదు. ఒక స్టీలు ఫిల్టరు, మూత గట్టిగా పట్టే డబ్బా, ఒక చెంచా చాలు.

పొడి: ఒకేసారి కిలో కొని పెట్టుకోవద్దు. వంద, రెండు వందల గ్రాములు కొనండి. ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉంటే చూడండి. కాఫీకి గాలి, వెలుతురు, తేమ పడవు. డబ్బాను పొయ్యి పక్కన పెట్టకూడదు.

లేబుల్: చాలా పొడుల్లో చికోరీ కలుస్తుంది. అది ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. నెపోలియన్ కాలంలో కాఫీ దొరకక యూరప్‌లో దీని వాడకం బాగా పెరిగింది. ఇది రంగు, చిక్కదనం ఇస్తుంది, కాఫీ సువాసన ఇవ్వదు. మన దేశంలో నిబంధన ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. ఎంత శాతం చికోరీ ఉందో ప్యాకెట్ మీద రాయాలి. అది చదివి కొనడం మన హక్కు. చికోరీ కలిసిన పొడి తాగితే తప్పేం లేదు. కాఫీ ధర పెట్టి వేరు కొనకుండా చూసుకోవాలి, అంతే.

మర: గింజలు కొని ఇంట్లో పొడి చేసుకుంటే రుచి చాలా మెరుగు. మిక్సీలో అయితే ఒకేసారి తిప్పకుండా ఆపి ఆపి తిప్పండి. లేకపోతే వేడికి వాసన పోతుంది. ఫిల్టరుకు సన్న రవ్వ కంటే కొంచెం మెత్తగా ఉండాలి. మరీ మెత్తనైతే నీళ్లు దిగవు, చేదెక్కుతుంది. మరీ బరకైతే నీళ్లు ఊరికే జారిపోయి కాఫీ పలచనవుతుంది.

నీళ్లు: గ్లాసు కాఫీలో ఎక్కువ భాగం నీళ్లే. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఎంత మంచి పొడి అయినా రుచి రాదు, తాగే నీళ్లే వాడండి. నీళ్లు తెర్లగానే దించి అర నిమిషం ఆగి పోయండి. 90 నుంచి 96 డిగ్రీల వేడి సరైనది.

ఫిల్టరు: పై గిన్నెలో 20 గ్రాముల పొడి, అంటే గుత్తంగా మూడు పెద్ద చెంచాలు వేసి, తట్టి సమానం చేయండి. గట్టిగా అదమవద్దు. కాడ ఉన్న చిల్లుల బిళ్ల పైన పెట్టి, ముందు పొడి తడిసేంత నీళ్లు పోయండి. అర నిమిషంలో పొడి ఉబ్బుతుంది. తర్వాత మిగతా నీళ్లు పోయండి. మొత్తం 120 నుంచి 150 మిల్లీలీటర్లు చాలు. మూత పెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేయండి. దిగిన డికాషన్‌ను మళ్లీ మరిగించవద్దు. పాలు వేడి చేసి అందులో డికాషన్ కలపండి. వాడిన వెంటనే కడగండి. చిల్లులు పూడితే పలచటి సూదితో తీయండి.

ఫిల్టరు లేకపోతే: చెంబులో పొడి వేసి, వేడినీళ్లు పోసి, ఒకసారి కలిపి మూత పెట్టండి. నాలుగు నిమిషాలు ఆగి, తెల్లని ఉతికిన నూలు గుడ్డలో వడకట్టండి. కాఫీ రుచి చూసి ధర కట్టే నిపుణులు చేసేదీ ఇంచుమించు ఇంతే. గిన్నెలో 8 గ్రాముల పొడికి సుమారు 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, నాలుగు నిమిషాల తర్వాత పైన తేలిన తెట్టును చెంచాతో విరిచి వాసన చూస్తారు. తర్వాత చెంచాతో జుర్రుతూ రుచి పడతారు. ఒకే రోజు రెండు రకాల పొడులు పక్కపక్కన ఇలా చేసి చూడండి. పులుపు ఏది, చేదు ఏది, మాడు వాసన ఏది అన్నది నాలుకకు వారంలో తెలుస్తుంది.

వేయించడం: పచ్చి గింజ దొరికితే ఇనుప పెనం మీద వేయించి చూడండి. ఆకుపచ్చ గింజ పసుపై, గోధుమ రంగుకు తిరిగి, చిటపటమని పగులుతుంది. జొన్న పేలాలు వేయించే మన యాడిలకు ఆ చప్పుడు కొత్త కాదు. పగలడం సద్దుమణిగాక దించి, చాటలో పోసి వెంటనే చల్లార్చి పొట్టు చెరిగేయాలి. ఒక రోజు ఆగి పొడి చేస్తే వాసన ఇల్లంతా నిండుతుంది.

హాస్టల్ పిల్లలతో ఉండేవాళ్లం కాబట్టి ఒక జాగ్రత్త కూడా చెబుతాం. చాయ్, కాఫీ అన్నంతో పాటు తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తం తక్కువ ఉన్న ఆడపిల్లలు భోజనానికీ కాఫీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచాలి. పరీక్షల ముందు నిద్ర ఆపుకోవడానికి రాత్రిపూట తాగితే మర్నాడు చదివింది గుర్తుండదు.

మన తండాకు ఈ కథలో ఏముంది?

మన పూర్వీకులు ఎడ్ల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగి అమ్మినవాళ్లు. సైన్యాలకు తిండి గింజలు చేర్చింది వాళ్లే. ఆ రోజుల్లో వాళ్ల పనిముట్టు ఎద్దు, వాళ్ల విద్య దారి. 19వ శతాబ్దంలో రైలు వచ్చింది, పక్కా రోడ్లు వచ్చాయి. సరుకు మోసే పనిముట్టు మారింది, కొత్తది మన చేతిలో లేదు. దానికి తోడు బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చి, తిరుగాడే జాతులను అనుమానితులను చేసింది. వ్యాపారం చేసిన జాతి కూలికి దిగింది. ఈరోజుకీ మన ప్రాంతం నుంచి కుటుంబాలు చెరుకు కొట్టడానికి వలస పోతున్నాయంటే ఆ చరిత్ర ఇంకా ముగియలేదన్నమాట.

అరకు రైతు కథ దీనికి ఎదురు దిశలో నడిచింది. ఆయన కూలి నుంచి మొదలై, తోటకు యజమాని అయి, పల్పర్ తిప్పడం నేర్చి, సంఘం కట్టి తన ఊరి పేరుకే గుర్తింపు తెచ్చుకున్నాడు. ఇంకా మెట్లున్నాయి. వేయించడం, మర పట్టడం, ప్యాక్ చేయడం, కేఫ్ నడపడం చాలా వరకు బయటివాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. అక్కడికి గిరిజన యువత చేరాలి.

మన సిర్గాపూర్ నేల మీద కాఫీ పండదు. కంది పండుతుంది, జొన్న పండుతుంది. కందులు అమ్మితే ఒక ధర, పప్పు చేసి అమ్మితే ఇంకో ధర. మధ్యలో ఉన్నది ఒక మిల్లు. ఆ మిల్లు ఎవరిదో చూస్తే మన పల్పర్ ఏదో మనకే తెలుస్తుంది. హైదరాబాద్‌లో కేఫ్ ఉద్యోగానికి వెళ్లే తమ్ముడికి మేము చెప్పేది కూడా ఇదే. గ్లాసులు అందించడంతో ఆగకు. యంత్రం ఎలా పనిచేస్తుందో అడుగు. గింజ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంతకు కొన్నారో తెలుసుకో. మర పట్టడం, రుచి చూడటం నేర్చుకో. నేర్చుకున్నది తండాకు వచ్చి నలుగురికి చూపించు.

ఈసారి పండక్కి ఇంటికి వచ్చినప్పుడు వంద గ్రాముల అరకు పొడి, ఒక చిన్న ఫిల్టరు తెచ్చుకోండి. ఇంట్లో పెద్దలకు మీ చేత్తో చేసి ఇవ్వండి. తాగుతుంటే ఆ పండు తెంపిన చేయి ఎవరిదో చెప్పండి. వాళ్లను ఎడ్ల బాట కథ అడగండి. రెండు కథలూ కలిపి వింటే, మన తర్వాతి పనిముట్టు ఏది కావాలో మీరే ఆలోచిస్తారు.

జై సేవాలాల్.